గోడకు అటు బతికున్న మల్లయ్య

దోహాలో నన్ను ఎరిగినవాళ్ళందరికీ మా చిన్న తాత మల్లయ్య తెలుసు. ఆరడుగుల మనిషి, మెలితిప్పిన మీసం, తెల్ల గుర్రం. ఈ ఎడారిలో చమురు పడకముందే మా కోరుట్ల పక్క ఊరి నుంచి బయల్దేరి, బొంబాయిలో ఓడెక్కి, ఇక్కడ దిగి, దాహంతో అల్లాడుతున్న ఒక షేకుకు “ఇక్కడ తవ్వండి, నీళ్ళు పడతాయి” అని కాలి మడమతో గీత గీసి చూపించాడు. నీళ్ళు పడ్డాయి. షేకు గుర్రం దిగి కళ్ళెం మా తాత చేతికిచ్చాడు. ఈ కథ నేను దాదాపు యాభై ఏళ్ళుగా చెబుతున్నాను. నజ్మా పేట టీ కొట్లలో చెప్పాను, కంపెనీ బస్సుల్లో చెప్పాను, నా పెళ్ళిచూపుల్లో చెప్పాను, ఈమధ్య మా మనవరాలి బడిలో తాతలను పిలిచిన రోజున వచ్చీరాని ఇంగ్లీషులో కూడా చెప్పాను. ఇందులో నిజం ఎంతంటే, ఆయన పేరు మల్లయ్య. ఓడెక్కిన మాట కూడా నిజమే అయి ఉండాలి, ఇక్కడికి నడిచి రాలేరు కదా. మిగతాదంతా నా సొంత సాగుబడి.

ఆ పంటను ఈ వయసులో నేనే కోసి కుప్ప వేయాల్సి వచ్చింది. కారణం గంగు అత్తమ్మ ఫోను. మల్లయ్య తాత ఒక్కగానొక్క కూతురు ఆమె. నాకు మేనత్త వరుస. ఎనభై దాటింది. మా ఇంటి మీద కోపంతో ఆమె మా గడప తొక్కక దాదాపు అరవై ఏళ్ళు. అలాంటిది, అల్ రయ్యాన్‌లో మా అబ్బాయి ఇంట్లో నేను ఏసీ కింద దుప్పటి కప్పుకుని పొద్దున్నే చాయ్ తాగుతుంటే, ఆమె మనవడు వీడియో కాల్ చేసి ఫోను ఆమె చేతికిచ్చాడు. తెర మీద సగం నుదురు, మిగతా సగం తిరుగుతున్న ఫ్యాను. క్షేమ సమాచారాలేమీ లేవు.

“అల్లుడా, పెత్తరమాస వస్తున్నది” అంది. “మా బాపుకు నేను ఇప్పటిదాంక బియ్యం ఇయ్యలే. ఈయేడు ఇద్దామనుకుంటున్న. ఆయన ఉన్నడా పోయిండా అని అడుగుతలేను, గంత ఎర్రిదాన్ని గాదు. ఎప్పుడు పోయిండో తెలుసుకో. మా అమ్మ కంటె ముందుగాల్నా, ఎన్కనా. గదొక్కటి చెప్పు. నేను పోతే గీ మాట ఇంక అడిగేటోళ్ళు లేరు. నీ దుబాయ్‌ల ముసలోళ్ళు ఎవరన్న ఉంటరు గదా.”

“దుబాయ్ కాదత్తమ్మా, ఖతర్.”

“ఏదైతేంది, ఇసుకే గదా.”

అంతే, తెర మీద ఫ్యాను కూడా పోయింది. చాయ్ చల్లారిపోయింది. మా కోడలు వచ్చి మళ్ళీ వేడి చేసి ఇస్తానంటే వద్దన్నాను. ఆ ప్రశ్న బరువు ఎంతో తెలిసినవాళ్ళలో మిగిలింది అత్తమ్మా నేనూ ఇద్దరమే మరి. ముందా, వెనకా. తెలియని వాళ్ళకోసం మా ఊరి దాకా వెనక్కి పోవాలి.

మా తాత, మల్లయ్య తాత అన్నదమ్ములు. ఉన్న ఒక్క ఇంటినీ మధ్యలో మట్టిగోడ పెట్టి రెండు చేసుకున్నారు. నేను పుట్టేనాటికే చిన్న తాత ఓడెక్కి వెళ్ళిపోయాడు. కొన్నేళ్ళకు, బొంబాయి మిల్లులో పనిచేసి వచ్చిన పొరుగూరి మనిషి ఒకడు ఆ ఓడ మునిగిందట అని మా తాతకు చెప్పాడు. తాత నమ్మలేదు. ఇంకొన్నేళ్ళు చూశాడు. తర్వాత ఒక పెత్తరమాసకు, అంటే పోయిన పెద్దలకు బియ్యం ఇచ్చే భాద్రపద అమావాస్యకు, తన తల్లిదండ్రుల బియ్యం పక్కన తమ్ముడి పేరున ఇంకో విస్తరి పరిచాడు. ఆ రోజు నుంచి గోడకు ఇటు మల్లయ్య పోయాడు, గోడకు అటు మల్లయ్య ఉన్నాడు.

పెత్తరమాస అంటే ఇప్పటికీ నాకు మొదట గుర్తొచ్చేది తడి పంచె వాసన. తాత బావి దగ్గర స్నానం చేసి, పిండని పంచెతోనే వచ్చి, పేడనీళ్ళతో అలికిన వసారాలో దక్షిణం వైపు తిరిగి కూర్చునేవాడు. చేటల్లో అవ్వ ఏరిపెట్టిన బియ్యం. మోదుగాకు విస్తర్లు వరుసగా పరిచి, ఒక్కో విస్తరిలో దోసిళ్ళతో బియ్యం పోసి, మీద పెసరపప్పు, ఇంత చింతపండు, ఉప్పు, ఎండు మిరపకాయలు, బెల్లం ముక్క, గుమ్మడికాయ ముక్క, తోటకూర కట్ట పెట్టేవాళ్ళు. పోయినవాళ్ళు ఎందరో అన్ని విస్తర్లు. అయ్యగారు పేరు అడుగుతాడు, తాత చెబుతాడు, నువ్వులూ నీళ్ళూ వదులుతాడు. మా వంశ చరిత్ర అంతా అదే. రాసినవాడు లేడు, చదివేవాడు లేడు. ఏటా ఒకసారి బియ్యంలో పలికేవారు. అదే రోజు సాయంత్రం బతుకమ్మ మొదలు కాబట్టి, వసారా ఆ చివర తంగేడు పూలు, గునుగు పూలు కుప్పలుగా పోసి ఉండేవి. ఆ పచ్చి పూల వాసన, నువ్వుల వాసన కలిసి ముక్కుకు తగిలితే నాకు ఏడుపూ ఆకలీ రెండూ ఒకేసారి వచ్చేవి. ఇప్పుడూ అంతే. ఏడుపు సంగతి అబద్ధం. ఆకలి ఒక్కటే వచ్చేది.

తమ్ముడి విస్తరిలో తాత ప్రత్యేకంగా కాకరకాయలు పెట్టేవాడు. మావాడికి కాకరకాయంటే ప్రాణం అనేవాడు. గోడకు అటు చిన్నవ్వ, అంటే మల్లయ్య తాత భార్య లచ్చవ్వ, మా ఆయన జన్మలో కాకరకాయ ముట్టలేదు అనేది. మా ఇంటి లెక్కలో ఆయన బావి నీళ్ళ వంతు దగ్గర తగాదా పడి ఊరొదిలి పోయాడు. ఆ ఇంటి లెక్కలో కరువుకు పోయాడు. మా ఇంట్లో పొడుగరి, ఆ ఇంట్లో పొట్టి. దీనికి మాత్రం కారణం నాకు తెలుసు. మా ఇంట్లో చచ్చిపోయాడు కనుక ఏటికేడు పొడుగయ్యాడు. వాళ్ళింట్లో బతికే ఉన్నాడు కనుక ఉన్నంతే ఉన్నాడు. ఆ పొడుగుకు చివరి రెండడుగులు కలిపింది నేను.

మా దిక్కున తమ్ముడి భార్య బావతో నేరుగా మాట్లాడకూడదు. అందుకని వాళ్ళిద్దరి పోట్లాటా పశువుల ద్వారా నడిచేది. అయ్యగారు ఇలా లేచి వెళ్ళగానే చిన్నవ్వ గోడకు అటు నిలబడి తన మేకతో అనేది: “ఇన్నవానే మేకా, మనింటాయన సముద్రం దాటిండో లేదో, ఈళ్ళు అప్పుడే ఆయన నోట్ల బియ్యం పోస్తున్నరు.” తాత కొట్టంలో ఎద్దు మెడ మీద చెయ్యివేసి జవాబిచ్చేవాడు: “ఇన్నవుర బస్వా, ఆకలితోని పోయినోడు. పిడికెడు పెట్టకుంటె నేనేం అన్ననురా.” మేక ఏమీ అనేది కాదు. ఎద్దు కూడా. మేం పిల్లలం మా ఇంట్లో గుమ్మడికాయ పులుసుతో తిని, గోడ దూకి ఆ ఇంట్లో మళ్ళీ తినేవాళ్ళం. మా ఇంటి నుంచి ఆ రోజు ఏది పంపినా చిన్నవ్వ ముట్టేది కాదు. తలంటు పోసుకుని, నుదుట రూపాయి బిళ్ళంత బొట్టు పెట్టుకుని, కాళ్ళకు పసుపు రాసుకుని, పొద్దు వాలగానే బతుకమ్మ ఎత్తుకుని వీధిలోకి వచ్చేది.

అసలు బాధ అక్కడుంది. ఆట అయిపోయాక ముత్తైదువలు ఒకరికొకరు గౌరమ్మ పసుపు ఇచ్చుకుంటారు. కొందరు ఆమెకు ఇచ్చేవాళ్ళు. కొందరు చేతులు కొంగుకు తుడుచుకుని అటు తిరిగేవాళ్ళు. పొద్దున పక్కింట్లో మొగుడికి బియ్యం పోశారు, సాయంత్రం ఈమెకు పసుపేమిటని వాళ్ళ లెక్క. నేను మా అమ్మ చెయ్యి పట్టుకుని చూసేవాణ్ణి. చిన్నవ్వ అటు తిరిగిన వాళ్ళను చూడనట్టు, తన పసుపు తనే తీసి పుస్తెలకు రాసుకుని, అందరికంటే గట్టిగా పాట అందుకునేది. ఆమె గొంతు బాగుండేది కాదు. అయినా ఇక్కడ ఇన్నేళ్ళు ఉండి, హాళ్ళలో మైకులు పెట్టి పాడే ఎన్నో బతుకమ్మలు విన్నాను. ఆ గొంతు కోసమే చెవి వెతుకుతుంది.

చిన్నవ్వ ఒక వానాకాలం జ్వరంతో పోయింది. గంగు అత్తమ్మ అత్తగారి ఊరి నుంచి, చంకలో పిల్లతో వచ్చింది. శవానికి స్నానం చేయించాక బొట్టు దగ్గర పని ఆగింది. పక్కింట్లో మొగుడికి బియ్యం పోస్తుంటే ఈమెకు బొట్టేందమ్మా అని ఎవరో అన్నారు. అత్తమ్మ కుంకుమ బరిణె పట్టుకుని, గుమ్మంలో నిలబడిన మా తాత వైపు చూసింది. “పెద్దబాపూ, నువ్వు చెప్పు” అంది. బియ్యం ఇచ్చినవాడు ఆయనే కాబట్టి, తప్పయి ఉండొచ్చు అనే మాట కూడా ఆయన నోటి నుంచే రావాలి. తాత తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. కొట్టంలోకి వెళ్ళి ఎద్దు పక్కన కూర్చున్నాడు. అత్తమ్మ తల్లి నుదుట తనే బొట్టు పెట్టింది. చిన్నవ్వ ఆ బొట్టుతోనే పోయింది, కానీ ఊరు ఆ బొట్టును ఒప్పుకోలేదు. చచ్చినోని పెండ్లం ముత్తైదువలెక్క పోయిందని అత్తమ్మ ఎక్కడ కనిపించినా మాటలతో పొడిచేవాళ్ళు. ఆ తర్వాత ఆమె మా గడప తొక్కలేదు.

ఇదీ ఆ ప్రశ్న. మల్లయ్య తాత భార్య కంటే ముందు పోతే, తండ్రి పాపం సముద్రంలో పోయినవాడు, ఆయన తప్పేమీ లేదు, కానీ తల్లి బొట్టు అబద్ధం. వెనక పోతే తల్లి బొట్టు నిజం, కానీ తండ్రి అన్నేళ్ళు బతికి ఉండీ రానివాడు. తల్లి కావాలా తండ్రి కావాలా అని ఎనభై ఏళ్ళ మనిషి నన్ను అడగలేదు. ఏది నిజమో అదే చెప్పమంది. అడిగింది ఎవరిని? నన్ను.

నేను దోహా వచ్చింది మీసాలు సరిగా రాని వయసులో. సరే, వచ్చాయి. అప్పుడు నజ్మాలో ఎనిమిది మందిమి ఒక గదిలో ఉండేవాళ్ళం. కిరసనాయిలు పొయ్యి, తాడు మీద ఆరని బనీన్లు, డాబా మీద తొట్టి, ఆ తొట్టి నీళ్ళు ఎండాకాలం మధ్యాహ్నం ఒంటి మీద పోసుకుంటే చర్మం ఊడేంత వేడి. శుక్రవారం ఒక్కరోజు కోడికూర. ఆ వాసన మెట్ల మీద తగిలితే చాలు, పక్క గదివాళ్ళు ఏదో పని కల్పించుకుని వచ్చి నిలబడేవాళ్ళు. వాళ్ళు కూర్చోవాలంటే కథ ఉండాలి. కథకు మా చిన్న తాత దొరికాడు. ఒక శుక్రవారం ఆయనకు మీసం వచ్చింది, ఇంకో శుక్రవారం గుర్రం వచ్చింది. ఆయన గురించి అడిగి తెలుసుకోగలిగిన ముసలివాళ్ళు అప్పుడు ఈ ఊళ్ళో ఎందరో ఉండి ఉంటారు. నేను అడగలేదు. చెప్పే పనిలో తీరిక దొరకలేదు.

ఇప్పుడు వెతుకుదామని బయల్దేరితే మొదట తగిలింది నేనే. మా దిక్కు పిల్లలు ఎక్కువగా ఉంటారని ఒక శుక్రవారం బర్వా అల్ బరాహాకు వెళ్ళాను. క్యాంపు గదుల మధ్య నీడలో కూర్చున్న జగిత్యాల కుర్రాళ్ళను, వెనకటి కాలంలో ఇక్కడికి వచ్చిన మల్లయ్య అనే మనిషి గురించి ఇంటి దగ్గర ఎప్పుడైనా విన్నారా అని అడిగాను. ఒకడి ముఖం వెలిగిపోయింది. వాళ్ళ తాత చెప్పేవాడట. మల్లయ్య అని ఒకాయన ఉండేవాడట. కాలి మడమతో గీత గీస్తే నీళ్ళు పడ్డాయట. షేకు గుర్రం ఇచ్చాడట. నల్ల గుర్రం. నా గుర్రం తెల్లదిరా అనబోయి నాలుక కరుచుకున్నాను. నేను పంపిన అబద్ధం ఎవరి పెట్టెలోనో మా ఊళ్ళ దిక్కుకు పోయి, అక్కడ రంగు మార్చుకుని, ఒక తరం పెరిగి, వీసా తీసుకుని నా దగ్గరికే తిరిగి వచ్చింది. వాడు చెబుతున్నంత సేపూ పక్కన ఇంకొకడు స్టవ్ మీద కూర కలుపుతూ, ఫోను గిన్నె మీదికి వంచి, కారం సరిపోయిందా అని భార్యకు రంగు చూపిస్తున్నాడు. ఈ కాలంలో అయితే మల్లయ్య తాత ఒక్క పూట కూడా చచ్చిపోలేకపోయేవాడు అనుకున్నాను.

నజ్మాలో ఖాదర్ భాయ్ అని నా పాత స్నేహితుడు ఉన్నాడు. కోరుట్ల మనిషి, నాకంటే ఏడెనిమిదేళ్ళు పెద్ద. నా కంటే చాలా ముందు వచ్చినవాడు. జీవితమంతా దర్జీ పని చేసి, ఇప్పుడు కొడుకు కొట్లో ఒక మూల కూర్చుని కాజాలు కుడతాడు. నలభై ఏళ్ళుగా శుక్రవారం శుక్రవారం అతనితో చాయ్ తాగుతున్నాను. గుర్రం కథ అతనికి కంఠస్థం. నేను మరిచిపోతే అందించేవాడు కూడా. అతన్ని అడగాలని నాకు తోచనే లేదు. తోచింది అత్తమ్మ వల్లే. తండ్రి గుర్తులేమైనా చెప్పమని ఫోన్ చేస్తే ఆమె రెండు ముక్కల్లో చెప్పింది: మా బాపు పొట్టోడు, ఎడమ చెవి సగం లేదు, చిన్నప్పుడు కుక్క కొరికింది. ఆ మధ్యాహ్నం కరక్ చాయ్ కప్పులు పట్టుకుని అతని ఎదురుగా కూర్చుని, మొదటిసారి మీసం లేకుండా, గుర్రం లేకుండా అడిగాను.

“ఖాదర్ భాయ్, ఎన్కట ఇక్కడ మన దిక్కోడు ఒకాయన ఎర్కనా? పొట్టిగ ఉంటడు. ఎడమ చెవి సగం ఉండది.”

అతను సూది ఆపాడు. “మల్లయ్య చాచానా?”

నాకు ఒళ్ళు మండింది. నలభై ఏళ్ళుగా మల్లయ్య మల్లయ్య అని చెవిలో పోరుతున్నాను కదా, ఒక్కసారైనా ఈ మాట చెప్పలేదేం అని అరిచాను. అతను కళ్ళద్దాలు తీసి నన్ను చూశాడు.

“నువ్వు చెప్పిన మల్లయ్య గుర్రమెక్కి తిరిగేటోడు. నాకు ఎర్కైన మల్లయ్య హోటల్‌ల గిన్నెలు తోమేటోడు. ఇద్దరు ఒక్కడే అని నాకెట్ల తెలుస్తది నర్సయ్యా? మన జిల్లాల రాయి ఇసిరితే మల్లయ్యకే తగుల్తది.”

తర్వాత అతను చెప్పిందంతా నేను మధ్యలో ఒక్క మాట అనకుండా విన్నాను. నా జీవితంలో అదొక రికార్డు. ఖాదర్ భాయ్ వచ్చేసరికి రేవు దగ్గర ఒక చిన్న హోటల్ వెనక మల్లయ్య తాత గిన్నెలు తోమేవాడు, ఉల్లిగడ్డలు కోసేవాడు, డాబా మీద పడుకునేవాడు. రాయడం రాదు. బొంబాయి పోయేవాళ్ళతో రెండు మూడుసార్లు కబురు పంపాడు. వాళ్ళు బొంబాయిలో దిగి తమ దారిన తాము పోయి ఉంటారు. కాగితాలు లేకపోయినా ఎలాగో ఒకలా ఓడెక్కి ఇంటికి పోదామనే ఉండేదట. అంతలో మెట్‌పల్లి వైపు మనిషి ఒకడు దోహాకు వచ్చి, మాటల్లో మాటగా, నీ అన్న నీకు పెత్తరమాసకు బియ్యం ఇస్తున్నాడు అని చెప్పాడు. అది ఖాదర్ భాయ్ రాకముందు సంగతి. ఆ మాటతో మల్లయ్య తాత పోయే ఆలోచన మానుకున్నాడు.

మా దిక్కు నమ్మకం ఒకటుంది. బియ్యం అందుకున్న మనిషి పోయినవాళ్ళలో కలిసినట్టే. అతను మళ్ళీ గడప తొక్కితే ఇంటికి చేటు. ముఖ్యంగా భార్య పసుపు కుంకుమలకు. ఖాదర్ భాయ్‌కు ఇది అర్థమయ్యేది కాదు. బతికున్నవు గదా చాచా, పోయి నిలబడు, చూసుకుంటరు గదా అని పోట్లాడేవాడట. నేను సెలవు మీద పోతున్నా, మీ ఊరికి పోయి చెప్పొస్తా అన్నా వినలేదట. “సచ్చినోని దగ్గర్నుంచి కబురు వస్తే దడుసుకుంటరు ఖాదరూ. ఆమె బొట్టు సల్లగుండనీ” అన్నాడట.

నేను అడగాల్సింది ఇంకా ఒకటి మిగిలింది. ఆ సెలవు ఎప్పటిది అని అడిగాను. అతనికి సంవత్సరాలు గుర్తు లేవు. గుర్తున్నది ఒకటే. మొదటిసారి ఇంటికి పోయేసరికి మా పల్లెలన్నిటికీ కరెంటు స్తంభాలు వచ్చి ఉన్నాయి. తిరిగొచ్చి ఆ సంగతి చెబితే మల్లయ్య తాత ఉల్లిగడ్డలు కోయడం ఆపి, ఊళ్ళల్ల గూడ రాత్రిపూట వెలుతురేనా, ఇగ దయ్యాలెక్కడ ఉంటయి అని నవ్వాడట. చిన్నవ్వ పోయిన నాటికి మా ఊరికి స్తంభాలు రాలేదు. ఆమె పోయిన మరుసటి ఏడు వచ్చాయి. నాకు బాగా గుర్తు, మొదటి స్తంభం ఎక్కి పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాను. విరగలేదు, బెణికింది. కానీ స్తంభం నిజం. కాబట్టి వెనకే. ఆయన భార్య తర్వాత కూడా కొన్నేళ్ళు బతికాడు. ఎప్పుడో ఆమెతోనే పోయిన బొట్టుకు చేటు రాకూడదని, ఇక్కడ గిన్నెలు తోముకుంటూ ఆగిపోయాడు.

ఒకసారి చలికాలంలో దగ్గుతో పడుకుని లేవలేదట. ఖాదర్ భాయ్, ఇంకో నలుగురు కలిసి ఊరవతల ఇసుకలో పెట్టారు. ఆ చోటు చూపించమంటే అతను కొట్టు బయటికి వచ్చి, నజ్మా రోడ్డు మీద నిలబడి, అటూ ఇటూ చూసి చెయ్యి దించేశాడు. అప్పుడు ఊరవతల అనుకున్నదంతా ఇప్పుడు ఊరే. ఆ మేడల వరుసలో ఏది ఇసుకో ఏది ఊరో చెప్పడం అతనికే కాదు, ఎవరి తరమూ కాదు. లోపలికి వచ్చి సూదిలో దారం ఎక్కిస్తూ, అడగకుండానే ఇంకొక మాట చెప్పాడు. ఏటా ఒక రోజు మల్లయ్య తాత పొద్దంతా ఏమీ తినేవాడు కాదట. పొద్దు వాలాక తన వంతు అన్నం పెద్ద గిన్నెలో కలిపి అందరికీ పెట్టేవాడట. ఎందుకు చాచా అంటే, “ఇయ్యాల ఊర్ల మా అన్న నాకు బియ్యం పెడ్తుండు. నాకేం తక్కువ” అనేవాడట.

మా తాత కొట్టంలో ఎద్దు పక్కన కూర్చున్న వీపు గుర్తొచ్చింది. ఇద్దరన్నదమ్ములూ ప్రేమతోనే ఒకరినొకరు అలా చంపుకున్నారు. అన్న బియ్యం పెట్టకపోతే తమ్ముడు వచ్చేవాడు. తమ్ముడు వచ్చి ఉంటే అన్న బియ్యం పెట్టేవాడు కాదు.

అత్తమ్మకు చెప్పడానికి రెండు రోజులు పట్టింది. మా ఇంటి బియ్యమే ఆమె తండ్రిని ఆపేసిందని ఎలా చెప్పడం? నాలాంటివాడికి దారులు బోలెడు. రోగం అనొచ్చు, జైలు అనొచ్చు, మతి పోయిందనొచ్చు. మూడూ వివరాలతో సహా సిద్ధం చేసుకున్నాను. ఫోను కలిసి ఆమె నుదురు కనబడగానే మూడూ మరిచిపోయాను. ఉన్నదున్నట్టు చెప్పాను. బియ్యం సంగతి, గడప సంగతి, స్తంభాల సంగతి, అన్నం గిన్నె సంగతి. మీతో అబద్ధం ఆడి ఏం లాభం, చివర్లో ఒక్క ముక్క కలిపాను. పోయేముందు చిన్న తాత “లచ్చవ్వా, లచ్చవ్వా” అని పిలిచాడట అన్నాను.

“మా బాపు మా అమ్మను పేరు పెట్టి ఎన్నడు పిలువలే” అంది అత్తమ్మ. “ఓయ్ అనేటోడు. గా ముక్క నువ్వు కలిపినవు. మిగిలింది నిజమేనా?”

“నిజమే అత్తమ్మా. ఒట్టు.”

మా తాతను తిడుతుందని చూశాను. తిట్టలేదు. మీ తాతకేం ఎర్క, తమ్ముడు ఆకలితోని ఉన్నడనుకున్నడు అంది. తర్వాత ఆమె గొంతు మారింది. కోపం వచ్చింది, నా మీద కాదు, మా తాత మీద కాదు.

“గడప తొక్కద్దు, సరే. వాకిట్ల నిలబడొద్దని ఎవరన్న అన్నరా? దూరంకెల్లి ఓయ్ అంటే మేమే బయటికొస్తుంటిమి గదా.”

పెత్తరమాస నాడు ఫోను పెట్టించు, నేనూ చూస్తాను అన్నాను. ఈసారి ఏ ముక్కా కలపలేదు.

ఈ ఏడు పెత్తరమాసకు ఆమె మనవడు ఫోన్ చేసి, తెర నాకు కనబడేలా గోడకు ఆనించి పెట్టాడు. ఇక్కడ ఇంకా ఉక్కపోత తగ్గలేదు. నేను అల్ రయ్యాన్‌లో కిటికీ తలుపులన్నీ మూసుకుని, స్నానం చేసి కూర్చున్నాను. అక్కడ అత్తమ్మ ఇంట్లో ఇప్పుడు మోదుగాకు విస్తర్లు లేవు, స్టీలు పళ్ళాలు. బియ్యం సంచిలోంచి వచ్చినవి, ఏరక్కర్లేదు. వసారాకు టైల్సు వేశారు. అయ్యగారు చిన్నవాడు, ఇంకా నాలుగిళ్ళు తిరగాలని తొందరలో ఉన్నాడు. కొడుకు పక్కన కూర్చున్నా అత్తమ్మ బియ్యం తన చేత్తోనే పోసింది. రెండు పళ్ళాలు, తల్లికొకటి, తండ్రికొకటి.

పేర్లు చెప్పమన్నాడు అయ్యగారు. మీ నాయన పేరుతో మొదలుపెడదామా అని కూడా అన్నాడు. అత్తమ్మ తల అడ్డంగా ఊపింది. “ముందు పోయినోళ్ళ పేరు ముందు చెప్పాలె. లచ్చవ్వ” అంది గట్టిగా, ఆ వీధిలో ఉన్నవాళ్ళందరికీ వినబడేలా. అయ్యగారు నువ్వులూ నీళ్ళూ వదిలించాడు. రెండో పళ్ళెం దగ్గర ఆమె చెయ్యి ఆగింది. గుమ్మం వైపు తిరిగి, బయట వాకిట్లోకి చూస్తూ ఉండిపోయింది. అయ్యగారు కాసేపు చూసి, తర్వాతి పేరు చెప్పవ్వా, పొద్దు పోతుంది అన్నాడు.

“ఆగయ్యా” అంది అత్తమ్మ. “దూరంకెల్లి రావాలె.”